హైవే మీద బండి ఎందుకు అరుస్తుంది, ఎందుకు లాగదు? ఇంజిన్, గేర్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి ఆనందపురం దాకా ఎన్‌హెచ్ 16 మీద, నాతవలస దగ్గర విడిపోయి విజయనగరం మీదుగా సాలూరు వెళ్ళే ఎన్‌హెచ్ 26 మీద బండి నడిపేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి. రోడ్లు బాగుపడ్డాయి, మన జిల్లాల్లో కార్లు కూడా బాగా పెరిగాయి, కానీ కొనేటప్పుడు సీసీ ఎంత, మైలేజీ ఎంత అనే అడుగుతున్నారు తప్ప 100 స్పీడులో ఇంజిన్ ఎంత తిరుగుతుంది, అప్పటికి దాని దగ్గర ఇంకా ఎంత శక్తి మిగిలుంది అని ఎవరూ అడగట్లేదు. హైవే మీద పనికొచ్చేవి ఆ రెండే.

మా ఇంట్లో రెండు కార్లున్నాయి, రెండూ 1200 సీసీ పెట్రోలే. ఒకటి 100లో మెత్తగా ఎల్తాది, రెండోది గోల పెడతాది. ఎందుకేటి?

గేర్ల వల్ల. ఇంజిన్ తిరుగుడుని గేర్‌బాక్సు ఒకసారి, చివర్లో ఫైనల్ డ్రైవ్ ఇంకోసారి మార్చి చక్రానికి పంపుతాయి, ఆ రెండు నంబర్లు గుణిస్తే అసలు లెక్క వస్తుంది. ఒక కారులో టాప్ గేరు 0.8, ఫైనల్ డ్రైవ్ 4 అనుకోండి, గుణిస్తే 3.2, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజిన్ 3.2 చుట్లు తిరగాలి. 185/65 ఆర్15 టైరైతే ఒక చుట్టుకి సుమారు 1.92 మీటర్లు పోతుంది. 100 స్పీడంటే నిమిషానికి 1,667 మీటర్లు, అంటే చక్రం 868 చుట్లు, ఇంజిన్ 2,800 ఆర్‌పీఎంకి (నిమిషానికి తిరిగే చుట్లకి) దగ్గర. రెండో కారులో టాప్ గేరు 0.85, ఫైనల్ డ్రైవ్ 4.4 ఉందంటే మొత్తం 3.74, అదే స్పీడుకి ఇంజిన్ 3,250 తిరగాలి. ఆ 450 చుట్ల తేడానే మీ చెవికి వినపడేది.

మరి కంపెనీ రెండోదాన్ని ఎందుకలా చేసింది అంటే, టౌనులో పికప్ కోసం. శ్రీకాకుళం సెవెన్ రోడ్స్ జంక్షన్ దగ్గర ఏసీ వేసుకుని నలుగురితో నిల్చున్న కారు క్లచ్ వదలగానే కదలాలి కదా, ఆ పనికి గేర్లు పొట్టిగా ఉండాలి, అంటే చక్రం ఒక చుట్టుకి ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరగాలి. హైవే మీద హాయికి పొడుగ్గా ఉండాలి. అయిదు గేర్లలో రెండూ ఇరికించడం కష్టం, అందుకే ఆరో గేరు ఉన్న కారు హైవే మీద మెత్తగా అనిపిస్తుంది. కింది గేర్లు పొట్టిగానే ఉంచి పైది ఒక్కటి సాగదీయొచ్చు.

ఆర్‌పీఎం మీటర్ లేదు, మరి నేనెలా తెలుసుకోవాలి?

ఓనర్ మాన్యువల్లో లేకపోతే కంపెనీ స్పెసిఫికేషన్లో టాప్ గేరు రేషియో, ఫైనల్ డ్రైవ్ రేషియో ఉంటాయి, పైన చెప్పిన గుణకారం చేసుకోవడమే. ఒకసారి 100కి తెలిస్తే 80కి అందులో అయిదింట నాలుగొంతులు, వేరే లెక్క అక్కర్లేదు.

టార్కా, పవరా? హైవేకి ఏది చూసుకోవాలి?

రెండిటినీ విడదీసి చూడ్డమే తప్పు. టార్క్ అంటే ఇంజిన్ తిప్పే బలం, పవర్ అంటే ఆ బలాన్ని ఎంత వేగంగా తిప్పుతూ ఇస్తుందో అది. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. అందుకే బ్రోచర్లో రాసిన పెద్ద నంబరు కన్నా అది ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో చూడాలి. పాత స్విఫ్ట్ పెట్రోలు 83 హెచ్‌పీ ఇచ్చేది 6,000 దగ్గర, 115 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది 4,000 దగ్గర. అదే బండి డీజిల్లో, 1,248 సీసీ ఇంజిన్‌కి పవర్ 75 హెచ్‌పీయే, కానీ 190 న్యూటన్ మీటర్ల టార్క్ 2,000 ఆర్‌పీఎంకే వచ్చేస్తుంది. లెక్కేస్తే 2,000 దగ్గరే అది 54 హెచ్‌పీ ఇస్తోంది, పెట్రోలుది అదే 2,000 దగ్గర అందులో సగం పైచిలుకు అంతే. మన దగ్గర పాత డ్రైవర్లు ఆ డీజిల్ స్విఫ్టులు, డిజైర్లు వదల్లేకపోవడానికి కారణం ఇదే, టాప్ గేరులో పెట్టి గేరు ముట్టుకోకుండా పలాస నుంచి వైజాగ్ వచ్చేయొచ్చు.

అయితే డీజిల్‌కి పైన దమ్ము తక్కువ. డీజిల్ మండడానికి టైం పడుతుంది, లోపలి భాగాలు కూడా బరువు, కాబట్టి 4,500, 5,000 దాటి తిప్పడం దండగ. పెట్రోలు 6,000 దాకా ఇష్టంగా తిరుగుతుంది. ఇప్పుడొస్తున్న చిన్న టర్బో పెట్రోళ్ళు (టర్బో అంటే పొగ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే ఫ్యాను) ఈ రెండిటి మధ్య దారి పట్టాయి, హ్యుందాయ్ 998 సీసీ టర్బో చూడండి, 172 న్యూటన్ మీటర్లు 1,500 నుంచి 4,000 దాకా ఒకేలా ఇస్తుంది, ఆపైన 6,000 దగ్గర 120 హెచ్‌పీ. సీసీ చూసి 'వెయ్యి సీసీయేగా' అనుకుంటే మోసపోతారు.

80లో వెళ్తే మంచి మైలేజీ, 110 అంటే ట్యాంకు ఖాళీ. అంత తేడా ఎందుకండీ?

గాలి. గాలి అడ్డుకునే బలం స్పీడు వర్గంతో పెరుగుతుంది, దాన్ని తోసుకుపోడానికి కావాల్సిన పవర్ స్పీడు ఘనంతో పెరుగుతుంది. 1,100 కిలోల మామూలు హ్యాచ్‌బ్యాక్ తీసుకుని ఉజ్జాయింపుగా లెక్కేస్తే, చదును రోడ్డు మీద 80 స్పీడు నిలబెట్టడానికి 10 హెచ్‌పీ చాలు, 100కి 17, 120కి 27. స్పీడు ఒకటిన్నర రెట్లు అయితే పవర్ రెండున్నర రెట్లు దాటింది. ఇంజిన్ ఎంత మంచిదైనా, గేర్లు ఎంత పొడుగైనా ఈ 27ని తగ్గించలేవు, ఆ 27 ఇచ్చేటప్పుడు ఇంజిన్ ఎంత హాయిగా ఉంటుందో అంతే అవి మార్చగలవు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. శ్రీకాకుళం నుంచి వైజాగ్ వైపు రోడ్డు నైరుతి దిక్కుకి పోతుంది. ఎండాకాలం చివర్నుంచి వానాకాలం దాకా గాలి కూడా ఎక్కువగా ఆ దిక్కు నుంచే వస్తుంది, అంటే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. ఎదురుగాలి 20 ఉంటే మీరు 100లో వెళ్తున్నా కారు ముందు భాగానికి అది 120 గాలే, 17 హెచ్‌పీ కాస్తా 22 దాటుతుంది. 'పొద్దున్న వెళ్ళేటప్పుడు బండి బరువుగా ఉంది, తిరిగొచ్చేటప్పుడు తేలిగ్గా వచ్చింది, పెట్రోల్ బంకులో ఏదో తేడా ఉంది' అని బంకువాడిని తిట్టుకునే ముందు చెట్ల కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూడండి. టాప్ మీద క్యారియర్ కట్టి సామాన్లేస్తే కూడా ఇదే కథ, బరువు కన్నా గాలికి అడ్డం పెరగడమే అక్కడ ఎక్కువ నష్టం.

టాప్ గేరులో ఫుల్లుగా తొక్కినా ఓవర్‌టేక్ అవ్వట్లేదు, ఇంజిన్ పోయిందా?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, ప్రాణాలతో ముడిపడింది, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

ఇంజిన్ పోలేదు. పైన చెప్పిన 83 హెచ్‌పీ పెట్రోలు కారే తీసుకోండి. 80 స్పీడులో ఫిఫ్త్ గేరులో ఉంటే ఇంజిన్ 2,200 తిరుగుతుంది, అక్కడ ఎక్సలేటర్ నేలకి తొక్కినా అది ఇవ్వగలిగేది 32 హెచ్‌పీ లోపు. అందులో 10 ఆ స్పీడు నిలబెట్టడానికే పోయింది. 83 అని కాయితం మీద ఉన్నా ఆ క్షణాన మీ కాలి కింద మిగిలింది 22. అదే థర్డ్‌లో వేస్తే ఇంజిన్ 3,600కి లేస్తుంది, 58 హెచ్‌పీ ఇస్తుంది, మిగులు 48. రెట్టింపు దాటింది. ఇద్దరున్న కారుకి లెక్కేస్తే 80 నుంచి 100కి రావడానికి ఫిఫ్త్‌లో 11 సెకన్లు, థర్డ్‌లో 5 సెకన్లు. 11 సెకన్లంటే 275 మీటర్ల రోడ్డు, 5 అంటే 125. నలుగురు ఎక్కి ఏసీ కూడా వేస్తే రెండూ ఇంకా పెరుగుతాయి, ఫిఫ్త్‌లో మరీను.

ఎన్‌హెచ్ 16 మీద డివైడర్ ఉంది కాబట్టి ఎదురు బండి భయం తక్కువ, కానీ ఆ 275 మీటర్లూ మీరు లారీ పక్కనే, దాని అద్దంలో కనపడని చోట ఉంటారు, ముందు డివైడర్ ఖాళీలోంచి రణస్థలం దగ్గరో పైడిభీమవరం దగ్గరో కంపెనీ షిఫ్టు వదిలి బైకులు అడ్డం తిరుగుతుంటాయి. విజయనగరం దాటి గజపతినగరం, రామభద్రపురం వైపు డివైడర్ లేని చోట్ల మరీ ప్రమాదం, అక్కడ 150 మీటర్ల తేడా అంటే బతుకూ చావూ తేడా.

కాబట్టి ముందు ఖాళీ చూసుకోండి, ఇంకా లారీ వెనకే ఉండగానే గేరు దించండి, ఇంజిన్ లేచాక బయటికి రండి. చాలామంది బయటికొచ్చి, తొక్కి, లాగట్లేదని తెలిసి అప్పుడు గేరు కోసం చూస్తారు, ఆ రెండు సెకన్లు లారీ పక్కన పోతాయి. గేరు దించితే ఇంజిన్ అరుస్తుందని భయపడకండి, దాన్ని తయారుచేసింది అందుకే. కానీ 100 దాటి ఉన్నప్పుడు పొరపాటున సెకండ్‌లో పడితే మాత్రం ఇంజిన్‌కి నిజంగా ప్రమాదం, చెయ్యి గేరు ఎటు పోతుందో తెలిసి వెయ్యాలి.

టెక్కలి గ్రానైటు లారీలు ఎక్కుడు రాగానే అంత స్లో ఎందుకైపోతాయి?

బరువు. 40 టన్నులకి 250 హెచ్‌పీ అంటే టన్నుకి ఆరు. మన కారుకి టన్నుకి 75. వందకి మూడు మీటర్లు ఎత్తు పెరిగే పొడుగు ఎక్కుడు వస్తే ఆ లారీ లెక్క ప్రకారం 40 స్పీడు దగ్గరే నిలబడగలదు, డ్రైవర్ ఎంత మంచివాడైనా. చదును మీద కూడా దానికి స్పీడ్ గవర్నర్ 80 దగ్గర కట్టేస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేముందు ముందున్న లోడు లారీ సగం స్పీడుకి పడిపోతుందని ముందే అనుకుని దూరం పెట్టండి. టాటా ఏస్ లాంటివి, మొదట్లో వచ్చింది 702 సీసీ రెండు సిలిండర్లు 16 హెచ్‌పీ, వాటిని హైవే స్పీడుకి తోయడం తప్పు, ఎడమ పక్క లేనులో ఉండనివ్వండి, హారన్ కొట్టి తరమొద్దు.

బుల్లెట్ 350 నాది, మా తమ్ముడిది డ్యూక్ 390. సీసీ దగ్గర దగ్గర ఒకటే కదా, నాది 100లో చేతులు తిమ్మిరెక్కిస్తాది, వాడిది దూసుకుపోద్ది. ఏటి కథ?

మంచి ప్రశ్న, ఇంజిన్ డిజైన్ అంటే ఏంటో ఈ రెండు బళ్ళూ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. మొన్నటి 346 సీసీ బుల్లెట్‌లో సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందకీ పైకీ వెళ్ళే దూరం, అదే స్ట్రోకు, 90. 373 సీసీ డ్యూక్‌లో వెడల్పు 89, స్ట్రోకు 60. ఒకటి పొడుగు, ఒకటి వెడల్పు.

పిస్టన్ ఎంత వేగంగా పరిగెడుతుందో అదే ఇంజిన్ కష్టానికి ఒక మంచి కొలత. స్ట్రోకుని రెండుతో, ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగించండి. బుల్లెట్ 4,000 తిరిగేటప్పుడు పిస్టన్ సగటున సెకనుకి 12 మీటర్లు పోతుంది. డ్యూక్ పిస్టన్ ఆ 12కి రావాలంటే 6,000 తిరగాలి. అంటే పిస్టన్ వేగం లెక్కలో డ్యూక్ 6,000లో పడే కష్టం, బుల్లెట్ 4,000లో పడే కష్టం ఒకటే. పైగా వెడల్పు సిలిండర్‌లో పెద్ద వాల్వులు పడతాయి, ఎక్కువ ఆర్‌పీఎంలో కూడా గాలి బాగా పీల్చుకుంటుంది, అందుకే 9,000 దగ్గర 43 హెచ్‌పీ. బుల్లెట్ 5,250 దగ్గర 20 హెచ్‌పీతో ఆగుతుంది. బదులుగా బుల్లెట్ కింద నుంచే, 28 న్యూటన్ మీటర్లు 4,000కే ఇచ్చేస్తుంది, పల్లె రోడ్డు మీద 40, 50లో టాప్ గేరులో తిరగడానికి అంత హాయి బండి ఇంకోటి లేదు.

తిమ్మిరి సంగతి వేరే. ఒకే సిలిండర్ బండిలో పిస్టన్ ఊపు పూర్తిగా సరిపెట్టడం కుదరదు, ఆ ఊపు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 346 సీసీ బుల్లెట్‌కి ఆ ఊపుని చంపే బ్యాలెన్సర్ షాఫ్ట్ లేదు, డ్యూక్‌కి ఉంది. తర్వాతొచ్చిన 349 సీసీ ఇంజిన్లో స్ట్రోకు 85.8కి తగ్గించి బ్యాలెన్సర్ పెట్టారు, పవర్ దాదాపు అదే 20 అయినా 90లో వెళ్తుంటే చేతికి తెలిసే తేడా చాలా ఉంది. మీది పాతదైతే 75, 80 దగ్గర నడపండి, అది దాని సొంత స్పీడు, అక్కడ ఎంతసేపైనా పోతుంది.

స్ప్లెండర్‌కి ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం) ఒక పన్ను పెంచితే హైవే మీద స్పీడు పెరుగుతుందా?

ఆర్‌పీఎం తగ్గుతుంది, స్పీడు పెరగదు. 14 పళ్ళ చోట 15 వేస్తే ఇంజిన్ ఏడు శాతం తక్కువ తిరుగుతుంది, శబ్దం తగ్గుతుంది, అంతవరకు నిజమే. కానీ ఆ 97 సీసీ ఇంజిన్ మొత్తం పవర్ 8 హెచ్‌పీ, అదీ 8,000 దగ్గర. నిటారుగా కూర్చున్న మనిషితో 80 స్పీడుకి 6 పైన గాలీ టైర్లే తినేస్తాయి, చైనుకి కొంత పోతుంది. మిగిలింది ఏమీ లేదు. ఇప్పుడు గేరు పొడుగు చేస్తే ఎదురుగాలికి, ఫ్లైఓవర్‌కి ఫోర్త్‌లో నిలబడలేక థర్డ్‌కి రావాల్సొస్తుంది. వెనక మనిషి ఎక్కితే చెప్పక్కర్లేదు. కంపెనీ వేసిన చైన్ సెట్ ఉంచుకుని 60, 65లో వెళ్ళండి, హైవే ఎడమ అంచున.

ఎక్కువ ఆర్‌పీఎంలో గంటలు గంటలు నడిపితే ఇంజిన్ తొందరగా పోతుందా?

పెట్రోలు కారు 3,000లో రోజంతా తిరిగినా ఏమీ కాదు, ఆయిలూ కూలెంటూ సరిగ్గా ఉంటే. దానికన్నా ఎక్కువ చెడు చేసేది మైలేజీ కోసం 40 స్పీడులో టాప్ గేరు వేసి తొక్కి నడపడం. ఇంజిన్ గుడగుడలాడుతుంది, లోపల నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి టకటక కొట్టడం) వస్తుంది, బేరింగుల మీద దెబ్బ పడుతుంది. టర్బో బళ్ళకి ఇది మరీ హాని. ఇంకోటి, టర్బో బండిని హైవే మీద గట్టిగా నడిపి మడపాం టోల్ దాటగానే టీ కోసం ఠక్కున ఆపేయకండి, చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వచ్చి ఆపితే టర్బోలో ఆయిల్ మాడదు.

సాలూరు దాటి సుంకి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందంటారు, నిజమేనా?

నిజం కాదు, పైగా చాలా ప్రమాదం. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండగా ఎక్సలేటర్ వదిలేస్తే ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం తాగుతూనే ఉంటుంది. అదీగాక న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీద పడి, వేడెక్కి, కింద మలుపుల దగ్గర బ్రేకు పట్టదు. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, ఘాట్ లారీ డ్రైవర్లు పాటించే పద్ధతి ఇదే.

ఆటోమేటిక్ హైవేకి మంచిదేనా?

ఏ రకం అన్నదాన్ని బట్టి. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే, క్లచ్ మిషన్ నొక్కుతుంది, మైలేజీ బాగుంటుంది కానీ ఓవర్‌టేక్‌కి తొక్కినప్పుడు గేరు దించడానికి ఒక క్షణం ఆలోచిస్తుంది, అందుకే మాన్యువల్ మోడ్‌లో పెట్టి ముందే దించుకోండి. సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో రేషియో మార్చుకుంటూ పోయేది, హైవే మీద మెత్తగా తక్కువ ఆర్‌పీఎంలో పోతుంది, గట్టిగా తొక్కితే ఇంజిన్ పైకి లేచి అక్కడే అరుస్తూ ఉంటుంది, అది రిపేరు కాదు, దాని పద్ధతే అంత. టార్క్ కన్వర్టర్ది, అంటే క్లచ్ బదులు ఆయిల్ ద్వారా బలం పంపేది, హైవేకి నమ్మకమైన బండి.

పెద్ద టైర్లు వేయించా, ఇప్పుడు ఆర్‌పీఎం తగ్గింది. లాభమేగా?

చుట్టుకొలత పెరిగింది కాబట్టి గేరు పొడుగైనట్టే, పికప్ అంతే తగ్గింది. ఇంకా, మీటర్ 100 చూపిస్తే మీరు నిజంగా అంతకన్నా ఎక్కువలో ఉండొచ్చు. వద్దనే చెప్తాను.

ఎలక్ట్రిక్ కారుకి గేర్లే లేవు, మరి దానికీ హైవే మీద రేంజ్ ఎందుకు పడిపోతుంది?

మోటారు సున్నా నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, అందుకే ఒక్క గేరు చాలు. కానీ గాలికి పెట్రోలా కరెంటా అని తేడా లేదు. టౌనులో ఆగినప్పుడల్లా బ్రేకు నుంచి కొంత కరెంటు తిరిగొస్తుంది, హైవే మీద అదీ ఉండదు. వైజాగ్ వెళ్ళి రావాలంటే 80, 85లో వెళ్ళండి, బ్యాటరీ శాతం చూసుకుంటూ గుండె పట్టుకోవాల్సిన పని ఉండదు.

80 దాటగానే కారు బీప్ కొడుతుంది, తీయించేయొచ్చా?

తీయించొద్దు. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ పెట్టారు, 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా కొడుతుంది. 80లో వెళ్తూ అడ్డంగా గేదె కనపడితే, కాలు బ్రేకు మీదకి రావడానికి ఒకటిన్నర సెకను, ఆ తర్వాత ఆగడం, పొడి రోడ్డు మీద కలిపి 70 మీటర్లు. 100లో అయితే దగ్గర దగ్గర 100 మీటర్లు. ఇంజిన్ 100లో ఎంత మెత్తగా ఉంటే ఈ 30 మీటర్ల తేడా అంత తెలియకుండా పోతుంది. మెత్తటి బండి నడిపేవాళ్ళకే ఆ బీప్ ఎక్కువ అవసరం.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నా, హైవేకి పనికొస్తాదో లేదో టెస్ట్ డ్రైవ్‌లో ఎలా చూడాలి?

టౌనులో రెండు సందులు తిప్పి ఇచ్చేస్తే ఒప్పుకోకండి. మీరు మామూలుగా తీసుకెళ్ళేంత మందిని ఎక్కించుకుని, ఏసీ వేసి, చిలకపాలెం దాటాక ఖాళీగా ఉన్న చోట టాప్ గేరులో 80 దగ్గర పెట్టి ఆర్‌పీఎం చూడండి. పెట్రోలుకి 2,200 నుంచి 2,600 మధ్య ఉంటే మంచిది, 3,000 ఉంటే అది టౌను బండి. తర్వాత గేరు మార్చకుండా 100కి తొక్కి పక్కవాళ్ళని సెకన్లు లెక్కపెట్టమనండి, మళ్ళీ 80కి వచ్చి థర్డ్‌లో అదే చెయ్యండి. థర్డ్‌లో కూడా పది సెకన్లు దాటిందంటే ఇంజిన్‌లోనో క్లచ్‌లోనో పని ఉంది. ఆర్‌పీఎం ఎగిరి స్పీడు రాకపోతే క్లచ్ జారుతోంది, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అక్కడే అడగండి.